కుండ మీద ఊరి పేరు

మా ఏఈ సారు పోయారన్న మాట విన్నప్పుడు నా చేతిలో చీపురు ఉంది. ఆఫీసు వరండా సగం ఊడ్చాను. వర్క్ ఇన్‌స్పెక్టరు బండి దిగుతూనే ఫోను నా వైపు తిప్పి చూపించాడు.

"మ్మే, సారు లేడంట. తెల్లారి కడపలో పోయినాడు. గుండెపోటు అంటాండారు."

ఊడ్చిన సగాన్నే మళ్లీ ఊడ్చాను. ఆయన కాసేపు చూసి, "ఊడ్చిందే ఊడుస్తాండావు. కూర్చో రొంతసేపు" అన్నాడు. కూర్చుంటే లేవాలనిపించింది. లేస్తే ఎక్కడికి పోవాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి నా కాళ్లు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి మీద అన్నం పెట్టి వీధి తలుపు దాకా వెళ్లి వస్తాను. వచ్చి మూత తీసి చూసి మళ్లీ వెళ్తాను. రాసేటప్పుడైనా ఒకచోట కూర్చోవాలి కదా అని ఇది మొదలుపెట్టాను.

నేను చదివింది ఏడో తరగతి. పుట్టిల్లు వేంపల్లె దగ్గర. పెళ్లయి కోడుమూరు వైపు వచ్చాను. మా ఆయన పొద్దున్నే ఊర్లు తిరిగి పాలు తెచ్చే ఆటో నడుపుతాడు. నేను గ్రామీణ నీటి సరఫరా ఆఫీసులో ఊడ్చి, తుడిచి, బల్లల మీద నీళ్లు పెట్టే పని చేస్తాను. ఊర్లలో బోర్లు, మోటర్లు, ట్యాంకులు చూసుకునే ఆఫీసు అది. మా మండలంలో దానికి పెద్ద ఏఈ సారు, అంటే ఇంజనీరు. ఆయన పేరు నేను నోటితో ఎప్పుడూ పలకలేదు. ఇక్కడా రాయను.

ఆయన రాకముందు మా ఆఫీసు పదకొండుకు మేలుకునేది. ఊర్ల నుంచి వచ్చినవాళ్లు వరండాలో నిలబడేవాళ్లు. అర్జీ ఇస్తే గుమాస్తా సారు తీసుకుని బీరువాలో పెట్టేవాడు. బీరువా తాళం వేసే చప్పుడు వినగానే వాళ్లకు అర్థమయ్యేది, ఇక ఆ రోజుకు పోవచ్చని. వారానికోసారి కర్నూలుకు రిపోర్టు వెళ్లేది. అన్ని ఊర్లకూ నీళ్లు అందుతున్నాయని అందులో ఉండేదని తర్వాత తెలిసింది.

సారు వచ్చిన రెండో రోజు నీళ్లు అడిగారు. గ్లాసు పెట్టాను. సగం తాగి ఆపారు.

"ఈ నీళ్లు యాడివి పాపా?"

నాకు మగవాళ్ల ముందు, అందులోనూ ఆఫీసర్ల ముందు మాట రాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూలనున్న ప్లాస్టిక్ క్యాను చూపించాను. గుమాస్తా సారే చెప్పాడు, "మినరల్ వాటర్ సార్. ఈడి బోరు నీళ్లు బాగుండవు."

సారు క్యాను వైపు, గుమాస్తా సారు వైపు చూశారు. "ఊర్లకు నీళ్లిచ్చే ఆఫీసు మనది. మనమే నీళ్లు కొనుక్కుంటాండామా" అన్నారు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు.

మూడో రోజు ఒక పెద్ద మట్టికుండ, ఒక చాక్‌పీసు తెచ్చారు. ఆఫీసులో అందరినీ పిలిచి చెప్పారు. ఏ ఊరి ఫిర్యాదు అన్నిటికంటే పాతదో ఆ ఊరి నీళ్లు ఈ కుండలో ఉంటాయి. ఆ ఊరి పేరు కుండ మీద రాసి ఉంటుంది. పని అయ్యేదాకా అందరమూ అవే తాగాలి. పని అయిన రోజు ఆ ఊరి నుంచి నీళ్లు వదిలే మనిషి వచ్చి, కుండలో నీళ్లు తాగి చూసి, తన చేత్తో పేరు తుడుస్తాడు. అప్పుడు తర్వాతి ఊరి పేరు.

"నీళ్లెట్ల వస్తాయి సార్ దినామూ?" అని అడిగాడు వర్క్ ఇన్‌స్పెక్టరు.

"పాలు ఎట్ల వస్తాండాయి?" అన్నారు సారు.

అలా మా ఆయన పాల ఆటోలో నీళ్ల క్యాను కూడా రావడం మొదలైంది. మా ఆయన క్యాను దించి, వరండాలో నిలబడి నవ్వేవాడు. "పాలల్లో నీళ్లు కలుపుతారని అందరూ నన్నంటాండ్రి. ఇప్పుడు నీళ్లే తెస్తాండా, ఏమంటారో చూద్దాం" అనేవాడు.

మొదటి ఊరి నీళ్లు నోట్లో పెట్టుకుంటే ఉప్పు. మంచి బోరు మోటరు కాలిపోయి, ఆ ఊరివాళ్లు పాత బావి నీళ్లు తాగుతున్నారు. గుమాస్తా సారు మొహం చిట్లించి, "ఈ నీళ్లకు సబ్బు కూడా నురగ రాదు సార్. కడుపులోకి పోయి ఏం చేస్తాయో" అన్నాడు.

"ఆ ఊర్లో వాళ్ల కడుపులు ఇనుముతో చేసినారా అప్పా?" అన్నారు సారు. గ్లాసు ఎత్తారు. ఆయన క్రైస్తవులు. తాగేముందు ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. ఆ నీళ్ల ముందు కూడా మూసుకున్నారు.

నాలుగో రోజుకు ఆ ఊరికి మోటరు వెళ్లింది. దాని కాగితం అంతకుముందు బీరువాలో నెలల తరబడి పడుకుని ఉంది. ఎవరినీ సారు తిట్టలేదు, ఎవరికీ నోటీసు ఇవ్వలేదు. దాహం వేసినప్పుడల్లా అందరికీ ఆ కాగితం గుర్తొచ్చింది, అంతే. పేరు తుడవడానికి ఆ ఊరి మనిషి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. తుడిచాక అరచేతికి అంటిన సుద్దను చాలాసేపు చూసుకున్నాడు.

కొందరు చాటుగా సీసాలు తెచ్చుకునేవారు. సారుకు తెలుసు. చూడనట్లే ఉండేవారు. రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు మాత్రం అడిగేవారు, "తాగినావా? తాగి రాయప్పా." ఆ మాట మా ఆఫీసులో అందరి నోళ్లలోనూ పడింది. ఇంట్లో కూర ఎలా ఉందని నేనడిగితే మా ఆయన కూడా, "ఉండుమ్మే, తాగి రాయాల కదా" అనేవాడు.

సోమవారం పది గంటలకు మీటింగు పెట్టేవారు. అందులో ఆయనకొక పద్ధతి ఉండేది. అందరికంటే కింద ఉన్నవాళ్లు ముందు మాట్లాడాలి. "పైనోడు ముందు మాట్లాడితే కిందోడు అదే పాట పాడతాడు. అప్పుడు నేను వినేది నా మాటే కదా" అనేవారు. మా ఆఫీసులో అందరికంటే కింద నేను. కాబట్టి ప్రతి సోమవారమూ మీటింగు నాతోనే మొదలయ్యేది.

"చెప్పు పాపా."

నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆయన ఒక నిమిషం ఆగేవారు. గుమాస్తా సారు గడియారం చూసుకునేవాడు. ఫ్యాను తిరుగుతూ ఉండేది. తర్వాత సారు, "సరే, వచ్చే వారం" అని రెండోవాళ్ల వైపు తిరిగేవారు. ఎన్ని సోమవారాలు అలా గడిచాయో. ఒక్కసారి కూడా నన్ను దాటి మొదలుపెట్టలేదు. ఆ నిమిషం నాకు ముళ్ల మీద కూర్చున్నట్టు ఉండేది. ఇప్పుడు ఆ నిమిషమే కావాలనిపిస్తుంది.

ఇక గుట్టకిందపల్లె సంగతి చెప్పాలి. చెప్పకుండా దాటేద్దామని రెండుసార్లు ఈ కాగితాలు మడిచి పెట్టాను.

గుట్టకిందపల్లె నీళ్లు ఉప్పగా ఉండవు. చూడ్డానికి తేటగానే ఉంటాయి. ఫ్లోరైడు నీళ్లు అవి. అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. నలభై దాటినవాళ్లు మోకాళ్లు పట్టుకుని లేస్తారు. గుట్ట అవతల ఊర్లో మంచి నీళ్ల ట్యాంకు ఉంది. అక్కడి నుంచి పైపులు వేయమని వాళ్లు ఎన్నో అర్జీలు ఇచ్చారు. పైవాళ్లు ముందు ఊర్లోనే కొత్త బోరు వేయించారు. ఆ నీళ్లు బాగుంటే సరే, లేకపోతే పైపులు అన్నారు. కుండ మీద గుట్టకిందపల్లె పేరు ఎక్కింది. కొత్త బోరు నీళ్లు ఆటోలో రావడం మొదలైంది.

ఆ రోజుల్లోనే సారు నడుము పట్టుకుని నడవడం చూశాను. ఒకరోజు అమ్మగారు, అంటే సారు భార్య, క్యారియరు తెచ్చి నన్ను వెనకవైపుకు పిలిచారు.

"ఆయప్పకు మూత్రపిండాల్లో రాళ్లుండాయమ్మా. డాక్టరు మంచినీళ్లు బాగా తాగల్లని చెప్పినాడు. ఈడ చూస్తే దినామూ ఈ నీళ్లు. నేను చెప్తే వినడు. నిద్ర లేదు, నొప్పికి మంచం మింద దొర్లుతాండాడు. నీకు దండం పెడతా. మా ఇంటికాడ క్యాను వేస్తారు. పొద్దున వచ్చి దాంట్లోవి నింపుకోని పో. కుండలో అవి పోయి. ఎవరికీ చెప్పాకు."

ఆవిడ నిజంగానే చేతులు జోడించారు. నేను ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. సరే అని నోటితో అనలేదు. కానీ మర్నాటి నుంచి అదే చేశాను. ఆటోలో వచ్చిన గుట్టకిందపల్లె నీళ్లు ఆఫీసు వెనక గన్నేరు చెట్టుకు పోశాను. అమ్మగారింటి నీళ్లు కుండలో పోశాను. కుండ మీద పేరు మాత్రం అలాగే ఉంచాను.

మా ఆయనకు రెండో రోజే తెలిసిపోయింది. "నేను అంత దూరం నుంచి మోసుకొస్తే గన్నేరుకు పోస్తాండావా? ఆ చెట్టుకు ఫిర్యాదుండాదా?" అన్నాడు. సంగతి చెప్పాను. నవ్వడం ఆపాడు. "సారు మంచోడు. బతకనీ" అన్నాడు. మా ఇద్దరికీ అది మంచిపనిగానే తోచింది. పెద్దవాళ్లను కష్టం తగలకుండా చూసుకోవడమే మాకు తెలిసిన మర్యాద.

పది రోజులకు సారు నడక మారింది. గ్లాసు దించి ఒకసారి, "కొత్త బోరు నీళ్లు మేలేనే" అన్నారు. నీళ్లను పరీక్షకు పంపుతారు కదా, అందులో అసలు సంగతి తెలుస్తుంది కదా అనుకున్నాను.

పరీక్షకు సీసా నింపాల్సింది వర్క్ ఇన్‌స్పెక్టరు. ఊరికి పోయి కొళాయి కింద పట్టాలి. ఎండలు మండుతున్నాయి. ఆయన కుండ దగ్గరికి వచ్చి, "అవే నీళ్లు కదా ఇవి" అని కుండలోంచి సీసా నింపాడు. నేను తడిగుడ్డ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. సీసా నిండే చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వద్దని అనలేకపోయాను. అంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే అమ్మగారి పేరు వస్తుంది.

కర్నూలు నుంచి కాగితం వచ్చింది, నీళ్లు బాగున్నాయని. ఆ సోమవారం సారు అలవాటుగా నా వైపు తిరిగారు. ఈసారి ఊరికే చెప్పమనలేదు.

"గుట్టకిందపల్లె నీళ్లు దినామూ నువ్వే కుండలో పోస్తాండావు కదా పాపా. ఎట్లుండాయి?"

అందరూ నన్నే చూస్తున్నారు. తల ఊపితే సరిపోదు. "బాగుండాయి సార్" అన్నాను.

అన్ని సోమవారాల్లో నేను నోరు తెరిచి చెప్పింది ఆ ఒక్కమాటే. అది అబద్ధం. సారు మొహం వెలిగిపోయింది. "చూసినారా, మా పాప మాట్లాడింది" అన్నారు అందరితో. ఆయన రిపోర్టు రాశారు. గుట్టకిందపల్లెకు అనుకున్న పైపులు వేరే ఊరికి పోయాయి.

పేరు తుడవడానికి రమ్మని కబురు పంపారు. గుట్టకిందపల్లెలో నీళ్లు వదిలేది ఒక అవ్వ. మొగుడు చేసిన పని ఆయన పోయాక ఆవిడ చేస్తోంది. మోకాళ్లు వంగవు. ఆటో దిగి, వరండా గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ కుండ దగ్గరికి వచ్చింది. సారు తన కుర్చీ తెప్పించి వేశారు. నేను గ్లాసుతో నీళ్లిచ్చాను.

అవ్వ తాగింది. గ్లాసులోకి చూసింది. మళ్లీ ఒక గుక్క తాగింది.

"కుండ మింద ఏం రాసినారు?"

"మీ ఊరి పేరే అవ్వా" అన్నాడు వర్క్ ఇన్‌స్పెక్టరు. "రా, తుడుపు."

"ఈ నీళ్లు మా ఊరివి కావు నాయనా."

గుమాస్తా సారు నవ్వాడు. "నీళ్లకు ఊరెట్ల కనుక్కుంటావవ్వా?"

"నువ్వు అన్నం తిని మీ ఇంటిదో కాదో కనుక్కుంటావా లేదా? అరవై ఏండ్ల నుంచి మా ఊరి నీళ్లు తాగుతాండా, కొత్త బోరువీ అదే రుచి. బాగుండాయని మీరు కబురు పంపితే నా నోరే చెడిందేమో అనుకుంటి. నా నోరు బాగుండాది. నేను తుడపను."

ఆవిడ కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని, వచ్చినంత మెల్లగా వెళ్లిపోయింది. సారు కుండ దగ్గరికి వచ్చారు. నా వైపు చూశారు. తర్వాత కిటికీలోంచి గన్నేరు చెట్టు వైపు చూశారు. చెట్టు మొదట్లో మట్టి మీద తెల్లగా పొర కట్టి ఉంది. అందరి ముందూ ఏమీ అడగలేదు.

సాయంత్రం అందరూ పోయాక పిలిచారు. "ఎన్ని దినాలు?" అన్నారు. నేను నాలుగు వేళ్లు చూపించాను. "నాలుగు దినాలా?" కాదని తల ఊపాను. "నలభై?" అవునన్నాను. ఎవరు చెప్పారని అడగలేదు. ఇంటి నీళ్ల రుచి ఆయనకు తెలియదా. బహుశా ఆ క్షణంలోనే అర్థమై ఉంటుంది.

"నాకు మంచే చేసినావు. నొప్పి తగ్గింది" అన్నారు. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఆ నొప్పి తగ్గిందని నాకెందుకు అనుమానం రాలేదో" అన్నారు. అది నాతో అన్నట్టు లేదు.

మర్నాడు మమ్మల్నందరినీ తీసుకుని గుట్టకిందపల్లెకు వెళ్లారు. ట్యాంకు కింద ఊరివాళ్లు గుమిగూడారు. సారు చెప్పులు విడిచి నిలబడ్డారు. "మీ నీళ్లు బాగుండాయని రాసింది నేను. తాగి రాసినా అనుకుంటి. నేను తాగింది మీ నీళ్లు కాదు. చూసుకోకుండా సంతకం పెట్టినా. తప్పు నాది" అన్నారు.

"నీది తప్పయితే మా పైపులు తిరిగొస్తాయా?" అని ఒకాయన అరిచాడు.

"తిరిగొచ్చేదాకా నేను రాస్తానే ఉంటా."

నేను ట్యాంకు కాలు వెనక నిలబడి ఉన్నాను. ఆయన ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నేను ఒక్క అడుగు ముందుకు వేయలేదు. వర్క్ ఇన్‌స్పెక్టరు కూడా తల దించుకునే ఉన్నాడు.

తప్పుడు రిపోర్టు ఇచ్చారని సారుకు కర్నూలు నుంచి మెమో వచ్చింది. జవాబులో ఆయన నా పేరు గానీ, సీసా నింపిన మనిషి పేరు గానీ రాయలేదు. గుమాస్తా సారు ఆ కాగితం టైపు చేస్తూ, "ఈ మనిషికి తెలివి లేదప్పా, అంతా నెత్తిన వేసుకుంటాండాడు" అన్నాడు. అంటూనే కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత వర్క్ ఇన్‌స్పెక్టరు ఏ ఊరి సీసా అయినా ఆ ఊరికే పోయి నింపాడు, ఎండైనా వానైనా. సారు మళ్లీ గుట్టకిందపల్లె నీళ్లే తాగారు. నా చేతులతో నేనే పోశాను. ఆయన మళ్లీ నడుము పట్టుకుని నడవడం చూస్తూ పోశాను.

సోమవారాల్లో అదే అడిగేవారు, "చెప్పు పాపా." నేను అదే తల ఊపేదాన్ని.

ఆయన రాయగా రాయగా సగం పైపులు తెచ్చి గుట్ట దగ్గర దించారు. ఇంతలో సారును కడపకు బదిలీ చేశారు. వెళ్లే రోజు కుండ మీద చేయి పెట్టి, "దీన్ని పగలగొట్టనీయాకు" అన్నారు. ఆయన నాకు చెప్పిన ఆఖరి మాట అది. కొత్త సారు చిన్నవాడు, చెడ్డవాడు కాదు. ఫైలులో ఒక కాగితం నీళ్లు బాగున్నాయంటుంది, ఇంకొకటి బాగాలేవంటుంది. "ఏది నిజమో తెలీనప్పుడు నేనెట్ల సంతకం పెడతా? ముందాయనకు మెమో వచ్చిన ఫైలు ఇది" అని పక్కన పెట్టాడు. ఆ ఫైలును ఇక ఎవరూ ముట్టుకోలేదు. బల్లల మీదికి మళ్లీ సీసాలు వచ్చాయి. కుండను నేను స్టోరు గదిలో పాత మోటర్ల వెనక దాచాను.

సారు పోయిన రోజు నేను, మా ఆయన కర్నూలు పోయి కడప బస్సు ఎక్కాం. పుట్టింటికి పోయే దారే అది. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయేదాన్ని. ఆ రోజు ప్రతి స్టాపులోనూ దిగి నిలబడ్డాను. కండక్టరు, "ఏంమ్మా, నడుచుకుంట వస్తావా కడపకు?" అన్నాడు.

మేం చేరేసరికి సమాధుల తోటలో పాట పాడుతున్నారు. అందరితో పాటు నేనూ గుప్పెడు మట్టి వేశాను. అమ్మగారు నన్ను చూసి దగ్గరికి పిలిచి చేయి పట్టుకున్నారు.

"నువ్వు నీళ్లు పోసిన ఆ నలభై దినాలే ఆయప్ప నొప్పి లేకుండా నిద్రపోయినాడు తల్లీ" అన్నారు.

ఆ మాటకు నేను సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఆ నలభై రోజులూ గుట్టకిందపల్లెకు ఎన్నాళ్ల ఆలస్యమయ్యాయి? ఆయన మళ్లీ తాగిన నీళ్లు ఆయనను ఏమైనా చేశాయా? గుండెకూ నీళ్లకూ సంబంధం లేదని డాక్టరు చెప్పాడట. నాకు చదువు లేదు, డాక్టరు మాట కాదనలేను. కానీ తిరుగు బస్సులో కూడా నేను కుదురుగా కూర్చోలేదు.

పోయిన ఆదివారం మా ఆయనతో గుట్టకిందపల్లెకు వెళ్లాను. సగం పైపులు గుట్ట మొదట్లో ఎండకు వెలిసిపోయి పడి ఉన్నాయి. అవ్వ కొళాయి దగ్గర ఉంది. సారు పోయారని ఆమెకు తెలుసు. బిందె కింద పెట్టి, కొంగు నోటి మీదికి రాకుండా నడుములో దోపుకుని చెప్పాను. ఆ నీళ్లు మార్చింది నేనని, మీటింగులో బాగున్నాయని చెప్పింది కూడా నేనేనని.

అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఇన్ని దినాలు కడుపులో పెట్టుకోనుండావా?"

"అవునవ్వా."

"ఆయప్పుండంగనే చెప్పుంటే రొంత బాగుండు."

నేను కొళాయి కింద బిందె సర్దాను.

"ఈడ నాకు చెప్తే ఏమొస్తాది? నేనేమన్నా సంతకం పెడతానా? పెట్టేటోనికి చెప్పు" అంది. తర్వాత బిందె వైపు చూసి, "నిండింది. ఎత్తు" అంది. క్షమించానని గానీ లేదని గానీ అనలేదు. బిందె ఆటోలోకి ఎత్తేటప్పుడు మాత్రం ఒక చేయి వేసింది.

సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లాను. మోటర్ల వెనక నుంచి కుండ తీశాను. ఎవరూ తుడవలేదు కాబట్టి పేరు ఇంకా ఉంది, అక్షరాలు మాసిపోయాయి. వాటి మీదే చాక్‌పీసుతో మళ్లీ దిద్దాను. లోపల మాత్రం కడిగి, ఆ బిందె నీళ్లు పోసి, పాత చోటులో పెట్టాను. వర్క్ ఇన్‌స్పెక్టరు వచ్చి కుండను చూసి ఆగిపోయాడు. తను తాగడానికి తెచ్చుకున్న నీళ్ల సీసా సంచిలో పెట్టేసుకున్నాడు.

మీటింగులో కొత్త సారు నన్ను అడగడు. నేనే గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లి బల్ల మీద పెట్టాను. గుట్టకిందపల్లె ఫైలు కూడా గుమాస్తా సారును అడిగి తీయించి, పక్కన పెట్టాను.

కొత్త సారు సగం తాగి ఆపాడు. "నీళ్లు తేడాగా ఉండాయే. యాడివి ఇవి?"

ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను తిరుగుతూ ఉంది. ఆ నిమిషం నాకు బాగా తెలిసిన నిమిషమే.

"గుట్టకిందపల్లెవి సార్" అన్నాను. తర్వాత మిగతాది చెప్పాను. కుండ, అమ్మగారిల్లు, గన్నేరు చెట్టు, నా అబద్ధం. సీసా దగ్గరికి వచ్చేసరికి ఆగాను. వెనక నుంచి వర్క్ ఇన్‌స్పెక్టరు, "ఆ సీసా నింపింది నేను సార్" అన్నాడు.

కొత్త సారు మా ఇద్దరినీ చూశాడు. కాగితం తీశాడు. నన్ను మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు, ఈసారి మెల్లగా. ఆయన రాశాడు. నేను సంతకం పెట్టాను. నాకు ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కొత్తగా సీసా నింపుకురమ్మని వర్క్ ఇన్‌స్పెక్టరును పంపాడు. బండి చప్పుడు గుట్ట వైపు పోవడం విన్నాను.

అందరూ లేచాక బల్ల తుడవడానికి వెళ్లాను. కొత్త సారు తాగి దించిన గ్లాసు గుట్టకిందపల్లె ఫైలు అట్ట మీదే ఉంది. గ్లాసు తీశాను. కింద తడి గుండ్రంగా ఉంది. గుడ్డ పట్టుకుని నిలబడ్డాను, తుడవలేదు. చూస్తుండగానే ఫ్యాను గాలికి ఆరిపోయింది. ఆరిన చోట, అట్ట మీద రాసిన ఊరి పేరు చుట్టూ, సన్నగా తెల్లటి గీత మిగిలింది.